పీత నడిచేదాకా

"ఇవి పన్నెండు కావాలి," అన్నాడు లిఫ్టు మెకానిక్, కౌంటర్ మీద ఒక సర్వో పెట్టి.

షాపు ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని దాని మీది అంకెలు చదివింది. చదివి వేలితో వెనక్కి తోసింది.

"దేనికి?"

"పీతకే."

"మీ పీతకి ఇది పనికిరాదని నాకు తెలుసు. నీకూ తెలుసు. మరెందుకు అడుగుతున్నావ్?"

"వేగం బాగుంటుందని."

"నిలబడటమే రాలేదు, దానికి వేగం ఒకటి!" ఆవిడ వెనక అరలోంచి ఇంకో డబ్బా తీసి ముందు పెట్టింది. "మొదటి రోజే చూపించా నీకిది. గేర్లు ఇత్తడివి. బరువు తక్కువ. బలం నీ లెక్కకి సరిపోతుంది. బ్యాటరీని తాగెయ్యదు. పట్టుకెళ్ళి బిగించు, వచ్చేవారం వచ్చి నడిచిందని చెప్పు."

"ఇవే ఇవ్వండి." అతని వేలు మొదటి దాని మీదే ఉంది.

"లిఫ్టులు కూడా ఇట్లాగే బాగుచేస్తావా నువ్వు?"

"లిఫ్టులు వేరండీ."

"ఏ బిల్డింగుల్లో చేస్తావో ఒక్కమాట చెప్పు నాయనా. నేను మెట్లెక్కుతా."

ఆవిడ పన్నెండూ లెక్కపెట్టి కవర్లో వేసింది. 

సర్వో అంటే అగ్గిపెట్టెంత డబ్బా. లోపల మోటారు, నాలుగైదు గేర్లు, తను ఏ కోణంలో ఉన్నదీ తనకే చెప్పే చిన్న భాగం ఒకటి. ఫలానా కోణానికి వెళ్ళి నిలబడమంటే వెళ్ళి నిలబడుతుంది. పక్కకి నెడితే మళ్ళీ అక్కడికే వస్తుంది. బొమ్మ విమానాల రెక్కలు ఆడించడానికి తయారైన వస్తువు. ఇంట్లో కూర్చుని రోబోలు చేసుకునేవాళ్ళు దాన్ని కీలుగా వాడుకోవడం మొదలుపెట్టారు. మెకానిక్, అతని బావ కలిసి చేస్తున్న ఈ పీత కూడా ఒక రోబోనే. దానికి నాలుగు కాళ్ళు, కాలికి మూడు కీళ్ళు. అందుకని పన్నెండు.

ఏది పనికొస్తుందో తేల్చడం బ్రహ్మవిద్య కాదు. మొత్తం బరువెంత, నడిచేటప్పుడు ఆ బరువు ఎన్ని కాళ్ళ మీద పడుతుంది, కీలు నుంచి పాదం ఎంత దూరం అని చూడాలి. బరువుని దూరంతో హెచ్చవేసి, ఎందుకైనా మంచిదని దానికి రెట్టింపు బలం ఉన్నది తీసుకోవాలి. మెకానిక్ ఈ లెక్క బస్సులో నిలబడి చెయ్యగలడు. చేశాడు కూడా. షాపు ఆవిడ చూపించిందే సరైనదని అతనికి పోయిన వేసవి నుంచీ తెలుసు.

ఆ పీతని మొదలుపెట్టింది అక్క మంచాన పడ్డప్పుడు. బావ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కేబుళ్ళు అతికే పని చేసి రిటైరయ్యాడు. అక్క పిలిస్తే వినపడేంత దూరంలో ఉండాలి, కానీ ఊరికే కూర్చోవడానికి చేతులు ఒప్పుకోవు. హాల్లో బల్ల వేసుకుని వైర్లు అతకడం మొదలుపెట్టాడు. మెకానిక్ ఆదివారాలు వచ్చి అల్యూమినియం రేకులు కోసి కాళ్ళు చేశాడు. మూల గది తలుపు తీసే ఉండేది. అక్క ఒకరోజు తల పక్కకి తిప్పి బల్ల వైపు చూసి, "పీతలా ఉందిరా అది," అంది. ఆ పేరే ఉండిపోయింది.

మొదట తెచ్చినవి బుల్లి సర్వోలు, ప్లాస్టిక్ గేర్లవి. ఆ తప్పు తెలియక చేసిందే. పీతని నిలబెట్టి వదిలితే లోపల గేర్ల పళ్ళు విరిగి పటపటమని శబ్దం వచ్చింది.

"ఏంట్రా అది?" అంది అక్క గదిలోంచి.

"పీతకి పళ్ళు రాలాయక్కా."

"పీతకి పళ్ళేంట్రా, మీ మొహాలు!"

అక్క నవ్విన నవ్వు దగ్గులోకి దిగింది. బావ మంచినీళ్ళు తీసుకుని పరిగెత్తాడు.

రెండోసారి తెచ్చేనాటికి అక్క లేదు. మూల గది తలుపు వేసేశారు. ఆ సర్వోలు ఒక్కొక్కటీ అరవై గ్రాములు, మూడింతల బలం. లిఫ్టు తాడు ఎంచేటప్పుడు మొయ్యాల్సిన బరువుకి పది రెట్లు చూసుకుంటారు. బలం ఎక్కువైతే అక్కడ నష్టం లేదు. పీత విషయంలో మాత్రం నష్టమే. సర్వోల బరువే పీతకి భారమైంది. పన్నెండూ ఒక్కసారి కరెంటు లాగితే బ్యాటరీ కుంగిపోయి, బోర్డు ఆగి మళ్ళీ మొదలయ్యేది. పీత లేచేది, వణికేది, కూలబడేది. మళ్ళీ లేచేది.

"గుంజీళ్ళు తీస్తోంది చూడు," అన్నాడు బావ. "లిఫ్టువాడి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు."

మెకానిక్ కూడా నవ్వాడు. ఆ సాయంత్రం పనిముట్లు సర్దుకుంటుంటే బావ స్విచ్చులు కట్టేస్తూ ఒక మాటన్నాడు. "మా అక్కయ్య వచ్చెయ్యమంటోంది. వాళ్ళ కింది గది ఖాళీగానే ఉందట. ఇది నడిచిన రోజున నేనూ నడుస్తాన్రా. ఇల్లు ఖాళీ చేసేస్తా."

బావ వాళ్ళ అక్కయ్య ఉండేది రాత్రంతా రైల్లో కూర్చుంటే వచ్చే ఊళ్ళో. మెకానిక్ స్క్రూడ్రైవర్లు సంచిలో పెట్టుకుని, "అలాగే బావా," అని వచ్చేశాడు. బస్సు ఎక్కాక లెక్క వేశాడు. ఏ సర్వో కావాలో అప్పుడే తేలింది. దాన్ని కొనకూడదని కూడా అప్పుడే తేలింది.

తర్వాత తెచ్చిన వాటికి షాఫ్టు మీది పళ్ళు వేరు. సర్వో షాఫ్టు చివర చుట్టూ సన్నటి పళ్ళుంటాయి. కాలిని తగిలించే రెక్క వాటి మీద బిగుసుకోవాలి. ఒక కంపెనీ ఇరవై ఐదు పళ్ళు పెడితే ఇంకో కంపెనీ ఇరవై నాలుగు పెడుతుంది. ఒకదాని రెక్క ఇంకోదానికి పట్టదు. డబ్బా మీద రాసే ఉంటుంది. మెకానిక్ చదివే కొన్నాడు. చూసుకోలేదు బావా అన్నాడు. కొత్త రెక్కలు తయారుచెయ్యడానికి చాలా ఆదివారాలు పట్టింది. ఆ ఆదివారాలు హాయిగా గడిచాయి. బావ రేడియో పెట్టేవాడు. మధ్యాహ్నం బ్రెడ్డు కాల్చి గుడ్లు వేసేవాడు. ఇద్దరూ ఒకే ఆకురాయిని మార్చి మార్చి వాడుకునేవారు. తీరా రెక్కలు బిగించాక, ఆ సర్వోల్లో సగం వేడెక్కి పొగ వాసన కొట్టాయి. చవకరకం. అదీ తెలిసే కొన్నాడు.

ఇప్పుడు ఈ వేగం రకం.

మెకానిక్ ఉండేది నాలుగో అంతస్తులో ఒక గది. ఆ బిల్డింగులో లిఫ్టు లేదు. పరిచయమైన ప్రతివాళ్ళూ దీని మీద ఒక జోకు వేశారు. కొన్నాళ్ళకి అతను తన పని ఏమిటో చెప్పడం మానేశాడు. పగలంతా లిఫ్టు గుంటల్లో, గుంటల పైన మోటారు గదుల్లో గడుస్తుంది. అక్కడికి గోడల అవతల మాటలు వస్తాయి. ఎవరో ఎవరినో అన్నానికి పిలుస్తుంటారు, ఎవరో తలుపు తియ్యమని అరుస్తుంటారు. ఏ అంతస్తు నుంచి వస్తున్నాయో తెలియదు. ఫోన్ మోగితే అది కంప్లయింట్ల డెస్కే. వాళ్ళు బిల్డింగు నంబరు చెప్పి పెట్టేస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా అతన్ని ఎవరూ "ఒరే" అనరు.

ఆ ఆదివారం పన్నెండూ బిగించేసరికి మూడైంది. బావ కంప్యూటర్ మీద వేలు నొక్కాడు. పీత ఒక్క ఉదుటున లేచి, కాళ్ళు ఎడంగా జారిపోయి బోర్లా పడింది. వేగం కోసం బలం వదులుకున్న గేర్లవి. మరో రెండుసార్లు నొక్కారు. మూడోసారి నిలబడింది కానీ పాదాలు ఒక చోట ఆగలేదు. పన్నెండు డబ్బాలూ జుయ్‌మంటున్నాయి.

"ఇదీ కాదంటావా?" అన్నాడు బావ.

"కాదు బావా. బలం చాల్లేదు."

"సరే." బావ వేళ్ళతో కళ్ళు నులుముకున్నాడు. "నీకు తెలిసిన పని కదా. నువ్వెట్లా అంటే అట్లా."

టీ పెట్టడానికి లేచాడు. వంటింట్లో అట్టపెట్టె మూత లేచిన చప్పుడైంది. కప్పులన్నీ కాగితాల్లో చుట్టి పెట్టెలో పెట్టేశాడు బావ. ఆదివారం రెండు బయటికి తీస్తాడు, కడిగి మళ్ళీ చుట్టేస్తాడు. హాల్లో గోడవారగా పెట్టెలున్నాయి, తాళ్ళు కట్టి. సోఫా మీద దుప్పటి, తలగడ. బావ హాల్లోనే పడుకుంటున్నాడు. మూల గది లోపల రేడియో మోగుతోంది. తలుపు వేసే ఉంది. మెకానిక్‌కి అది విచిత్రంగా తోచింది. ఎందుకని అడగలేదు. వచ్చే ఆదివారానికి ఏ వంక పెట్టాలా అని ఆలోచిస్తున్నాడు.

"వచ్చేవారం ఇంకోరకం చూస్తా," అన్నాడు టీ తాగుతూ.

"చూడు," అన్నాడు బావ.

తర్వాతి ఆదివారం బెల్లు కొట్టాక తలుపు తియ్యడానికి ఆలస్యమైంది. బావ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. పక్కకి తప్పుకున్నాడు.

బల్ల మీద పన్నెండు డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. మూతలు తీసే ఉన్నాయి. ప్రతి సర్వో వైరుకీ తెల్ల టేపు చుట్టి, మీద బావ చేతివ్రాతతో నంబరు వేసి ఉంది. షాపు ఆవిడ చూపించిన రకం.

మెకానిక్ సంచి భుజం మీంచి దించలేదు.

"నిన్న కనెక్టర్లు అయిపోతే నేనే వెళ్ళా షాపుకి," అన్నాడు బావ. "మంచి మనిషి ఆవిడ. కుర్చీ వేసింది."

"ఏమంది?"

"మీ బామ్మర్దికి చెవుడా అని అడిగింది. నాలుగుసార్లు చూపించిందటగా ఇది."

మెకానిక్ ఒక డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "అంటే బావా, దీని వెడల్పు మన రేకులకి..."

"రేకులు నువ్వే కోశావు. మళ్ళీ కొయ్యలేవా?"

"కొయ్యొచ్చు."

"షాఫ్టుకి ఇరవై ఐదు పళ్ళు. చూశా. డబ్బా మీదే ఉంది. ఇంతకుముందు వాటి మీద కూడా రాసుంటుంది కదా?"

"ఉంటుంది."

"చదివావా?"

"చదివా."

బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కోపంగా ఉన్నాడో లేదో మెకానిక్‌కి తెలియలేదు. బావకి కోపం వస్తే అక్కే చెప్పేది, మీ బావకి కోపమొచ్చిందిరా అని.

"ఎందుకురా?"

"ఇది నడిస్తే నువ్వు వెళ్ళిపోతావు."

"అదేనా?"

"అదే."

"ముందే చెప్పొచ్చుగా ఆ ముక్క."

"చెప్తే ఉండేవాడివా?"

బావ ఆలోచించాడు. "ఉండేవాణ్ణి కాదు," అన్నాడు.

"మరి!"

"మరి ఏంట్రా మరి? నువ్వు ఆదివారం వస్తావు. సాయంత్రం సంచి తగిలించుకుని పోతావు. సోమవారం నుంచి ఈ ఇంట్లో ఉండేది నేను. ఆ గదిలోకి వెళ్ళలేను. ఆ గది ముందు నుంచి పోకుండా స్నానానికి కూడా వెళ్ళలేను. లోపల ఏ చప్పుడూ లేకపోతే నిద్ర పట్టదు, అందుకని రేడియో పెట్టి తలుపేస్తా. ఎవరైనా చూస్తే పిచ్చోణ్ణంటారు." బావ గొంతు పెంచలేదు. "నీకు ఒక్కరోజు కావాలి. దానికి నా ఆరు రోజులు పెట్టావు."

 మెకానిక్ సంచి పట్టీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అంత కష్టంగా ఉంటే ఎప్పుడో వెళ్ళిపోవాల్సింది బావా," అన్నాడు చివరికి. "పీతదేముంది?"

"పీతదేమీ లేదు. పాపం వీడికి చేతకావట్లేదు, అయినా పట్టు వదలట్లేదు, మధ్యలో వదిలేసి పోతే చిన్నబుచ్చుకుంటాడు అనుకున్నా. మీ అక్క ఉన్నప్పుడు కూడా అనేది, వాడు మొదలుపెట్టింది పూర్తి చెయ్యనివ్వండి, పక్కనుంచి వేలు పెట్టకండి అని." బావ నవ్వబోయాడు. "వేలు పెట్టలేదు. చూస్తూ కూర్చున్నా."

"వెళ్ళిపోనా నేను?"

"ఎక్కడికి? కూర్చో. నాకు బిగించడం రాదు."

మెకానిక్ సంచి దించాడు.

కొత్త సర్వోలు రేకుల్లో వదులుగా ఉన్నాయి. పాత వాటి కొలతకి కోసిన రేకులవి. పక్కన అల్యూమినియం బద్దలు సన్నగా కోసి, అంచులు రుద్ది, సందుల్లో దూర్చాడు. అది చిన్న పని. పెద్ద పని ఇంకోటి ఉంది. సర్వోకి షాఫ్టు ఒక వైపే ఉంటుంది. కాలిని ఆ ఒక్క వైపే తగిలిస్తే, బరువు పడ్డప్పుడు కాలు పక్కకి వంగుతుంది, లోపలి బేరింగు అరుగుతుంది. మనిషిని ఒక చెయ్యి పట్టి వేలాడదీసినట్టు. రెండో వైపు కూడా ఒక ఇరుసు కావాలి. పన్నెండు సర్వోల వెనక మూతలూ విప్పాడు. ప్రతి మూతకీ షాఫ్టుకి సరిగ్గా ఎదురుగా బెజ్జం వేసి, లోపలి నుంచి స్క్రూ దూర్చి, దాని తల లోపలి బోర్డుకి తగలకుండా అరగదీసి మూత వేశాడు. బయటికి వచ్చిన మొన మీద రేకు రెండో చివర కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ పని చెయ్యలేదు. దీని గురించి బావకి చెప్పనూ లేదు.

బెజ్జాలు వేస్తున్నంతసేపూ బావ సర్వోలు కదలకుండా పట్టుకున్నాడు. డ్రిల్లు ఆగినప్పుడల్లా ప్లాస్టిక్ పొడి ఊదాడు. ఇద్దరూ పని మాటలే మాట్లాడారు.

"ఇటు."

"ఇంకొంచెం."

"చాలు."

చివరిది రెక్కలు బిగించడం. దానికో పద్ధతి ఉంది. ముందు సర్వోకి కరెంటిచ్చి, సరిగ్గా మధ్య కోణానికి వెళ్ళమని చెప్పాలి. అది వెళ్ళి నిలబడ్డాక, కాలిని నేలకి నిటారుగా పట్టుకుని రెక్క తొడగాలి. ఒక్క పన్ను అటు పడినా ఇటు పడినా కాలు పద్నాలుగు డిగ్రీలు వంకరపోతుంది. నిలబెట్టినప్పుడు పెద్దగా తెలియదు. నడిచేటప్పుడు ఆ కాలు ఆలస్యంగా దిగి, పీత ఒక పక్కకి ఒరిగి పడుతుంది. తప్పు ప్రోగ్రాంలో ఉందా, బ్యాటరీలో ఉందా, వైర్లలో ఉందా అని వెతుక్కుంటూ కూర్చోవచ్చు.

పదకొండు అయ్యాయి. బావ టీ పెడతానని లేచాడు.

పన్నెండోది వెనక కుడికాలిది. మెకానిక్ దాన్ని మధ్యకి రప్పించాడు. రెక్క తొడిగాడు. తీశాడు. ఒక పన్ను పక్కకి జరిపి తొడిగాడు. స్క్రూ పెట్టి బిగించాడు.  ఇరవై ఏళ్ళుగా స్క్రూలు బిగిస్తున్న చెయ్యి అతనిది. ఒక్క ఆదివారం అనుకున్నాడు. ఇంకొక్కటి. అంతా తెలిసిపోయాక, ఇక దాచేదేమీ లేని ఆదివారం ఒకటి.

"ఒరే," అన్నాడు బావ వంటింట్లోంచి. "మా అక్కయ్య గదికి రంగులేయించిందట."

"ఊ."

"మంచం కిటికీ పక్కన వేయించిందట. నేను వద్దన్నా, పొద్దున్నే ఎండ మొహాన కొడుతుందని. కొట్టనీ, లేచి కూర్చో, పనుంది నీతో అంది. దొడ్డి తలుపుకి కొత్త బెల్లు పెట్టించుకుందట, మోగట్లేదట. ఎవరు పెట్టారో గానీ జాయింటే సరిగా వేసుండరు. నేను వెళ్ళి చూస్తే గానీ..."

బావ చెప్పుకుపోతున్నాడు. గిన్నె మూత చప్పుడు మధ్య సగం మాటలు వినపడలేదు. మెకానిక్ స్క్రూడ్రైవర్ పట్టుకుని వింటున్నాడు. మోగని బెల్లు గురించి బావ ఇంతసేపు మాట్లాడతాడని అతనికి తెలియదు. అక్క పోయాక బావ ఇలా మాట్లాడగా అతను వినలేదు. ఆదివారాల్లో కూడా.

స్క్రూ విప్పాడు. రెక్క పీకి, కాలు నిటారుగా పట్టుకుని, ఒక పన్ను వెనక్కి జరిపి తొడిగి, మళ్ళీ బిగించాడు.

బావ కప్పులతో వచ్చాడు. "అయిందా?"

"అయింది."

పెట్టెలు గోడకి జరిపి హాలు మధ్య ఖాళీ చేశారు. మెకానిక్ పీతని నేల మీద పెట్టాడు. బావ కంప్యూటర్ ముందు కూర్చుని అతని వైపు చూశాడు. మెకానిక్ తలూపాడు.

పీత లేచింది. వణకలేదు. ముందు ఎడమకాలు ఎత్తి పెట్టింది, వెనక కుడికాలు ఎత్తి పెట్టింది. తర్వాత మిగతా రెండూ. పాదాల కింద మెకానిక్ అతికించిన రబ్బరు ముక్కలు నేల మీద టపటప చప్పుడు చేశాయి. సోఫా దాకా వెళ్ళింది. బావ మీట నొక్కితే ఆగింది. ఇంకోటి నొక్కితే తిరిగింది.

 కాసేపటికి బావ కుర్చీలోంచి లేచి, కంప్యూటర్‌ని ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చున్నాడు. పీత అతని మోకాలి దాకా వచ్చి ఆగింది.

"నడుస్తోందిరోయ్," అన్నాడు బావ.

"నడుస్తోంది."

"ఇంత తేలిగ్గా ఉంటుందా?"

"ఉంటుంది బావా. బరువు సరిపోతే."

మళ్ళీ పంపాడు. గోడ దాకా, సోఫా దాకా, మూల గది తలుపు దాకా. చాలని ఎవరూ అనలేదు. ఇంతకుముందు పెట్టిన సర్వోలు బ్యాటరీని నిమిషాల్లో పీల్చేసేవి. ఇవి అలా కాదు. టీ చల్లారిపోయింది. కిటికీలో వెలుతురు తగ్గితే మెకానిక్ లేచి లైటు వేసి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. పీత తిరుగుతూనే ఉంది. చివరికి ఒక అడుగు ఎత్తాక కాలు కిందికి దిగడానికి తటపటాయించింది. ఇంకో అడుగు వేసింది. నాలుగు కాళ్ళూ మెల్లగా మడతపడి పొట్ట నేలకి ఆనింది.

"ఛార్జింగ్ పెట్టనా?" అన్నాడు మెకానిక్.

"వద్దు." బావ చెయ్యి ఆసరాగా పెట్టుకుని లేచాడు. "తీసుకెళ్ళు దీన్ని."

"నువ్వు తీసుకెళ్ళవా?"

"నేనేం చేసుకోను? దానికి ఏదైనా అయితే నాకు బిగించడం రాదు. వైర్ల మీద నంబర్లు వేశాగా, ఊడినా నీకు తెలుస్తుంది."

"నా గదిలో నడవడానికి చోటు లేదు బావా."

"మంచం కింద నడుస్తుంది. బూజు దులుపుతుంది."

గుమ్మం దాకా వచ్చాడు. బుధవారం లారీ వస్తుందని చెప్పాడు. సెలవు పెట్టి రానా అని మెకానిక్ అడిగితే వద్దన్నాడు. కూలీలు ఎత్తుతారు, వాళ్ళ ముందు నిలబడి ఇద్దరం ఏం చేస్తాం అన్నాడు. తర్వాత చెయ్యి ఎత్తి మెకానిక్ తల మీద పెట్టి, వెంటనే తీసేశాడు. ఇంతకుముందు ఎప్పుడూ అలా చెయ్యలేదు.

"పండగకో పబ్బానికో రారా. అక్కడ లిఫ్టులు కూడా ఉన్నాయట, పాడైనవి."

"వస్తా బావా."

పీత సంచిలో పట్టలేదు. రెండు చేతులా పట్టుకుని బస్సెక్కాడు. కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు బ్రేకు వేసినప్పుడల్లా కాళ్ళు కొంచెం ఊగి, గేర్లు చిన్నగా మూలిగేవి. పక్క సీటులో ఉన్న పెద్దావిడ మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"కరుస్తుందా?"

"లేదండీ. బొమ్మ."

"చేసిందా, కొన్నదా?"

"చేసిందే. మా బావా నేనూ చేశాం."

"బాగుంది." ఆవిడ ఒక వేలితో దాని పాదం ముట్టుకుంది. "ఇంట్లో పిల్లలు చూశారంటే ఇవాళ ఇల్లు పీకి పందిరేస్తారు."

మెకానిక్ కిటికీలోంచి బయటికి చూశాడు. "వేస్తారండీ," అన్నాడు.

అతని స్టాపులో దిగుతుంటే ఆవిడ వెనక నుంచి, "జాగ్రత్త నాయనా, కాళ్ళు తలుపుకి తగులుతాయి," అని హెచ్చరించింది. అతను పీతని గుండెకి దగ్గరగా పట్టుకుని పక్కకి తిరిగి దిగాడు. మెట్లన్నీ అలాగే ఎక్కాడు. తాళంచెవి ప్యాంటు జేబులో ఉంది. తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. పీతని గుమ్మం ముందు కింద పెట్టాడు. తలుపు తీసి, లోపలికి వెళ్ళి లైటు వేసి, మంచం పక్కనున్న కుర్చీ ఎక్కడ పెడితే నేల కాస్త ఖాళీ అవుతుందా అని చూశాడు. కుర్చీని తీసుకెళ్ళి వంట గట్టు పక్కన పెట్టాడు. అప్పుడు వెనక్కి వచ్చి పీతని ఎత్తుకున్నాడు.